కుచ్చిళ్ళ గది

పెళ్ళికి వచ్చినవాళ్ళలో సగంమంది దీపపు కుందులు తెచ్చారు. మిగతా సగంమంది గోడ గడియారాలు తెచ్చారు. విశాఖపట్నంలో కాపురం పెట్టిన మొదటిరోజు హైమ ఆ అట్టపెట్టెలన్నీ విప్పి, హాలు మధ్యలో చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఇత్తడి కుందులు, వెండిపూత కుందులు, నెమలి తల ఉన్నవి, ఏనుగు మీద ఎక్కినవి.

"ఇన్ని ఎక్కడ పెడతాం మురారీ? ఈ ఇంట్లో మనిద్దరం ఎదురుపడితే ఒకళ్ళు గోడకి అతుక్కోవాలి."

"అతుక్కోవడానికి గోడే ఎందుకు?" అన్నాడు మురారి. హైమ ఓ అట్టముక్క విసిరింది. అతను తప్పించుకుని, పడగ్గది పక్కనున్న చిన్న తలుపు చూపించాడు. "అది తీసి చూడు. తర్వాత చెప్పు ఇల్లు చిన్నదో కాదో."

హైమ సామాన్ల గది అనుకుంది. తలుపు తీస్తే నున్నటి సిమెంటు నేల, తలకి కాస్త పైన కప్పు. నేల మాత్రం వెళ్తూనే ఉంది, వెలుతురు పలచబడి చీకట్లో కలిసిపోయేదాకా. ఎదర గోడ అంటూ ఏదీ లేదు. కొద్ది అడుగులు వేసి వెనక్కి తిరిగితే, తలుపు అగ్గిపెట్టె అంత కనబడింది. అందులో అగ్గిపుల్లంత మురారి నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

ఆమె కెవ్వున అరిచి, పరుగెత్తుకొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. అరగంట ఇదే ఆట.

మురారి కొండమీది పరిశోధనశాలలో ఆరేళ్ళుగా చేస్తున్న పని అదే. చోటుని మడతపెట్టడం. ఇరుకు ఇళ్ళ ఊళ్ళలో ఉన్న చోటులోనే ఇంకొంచెం చోటు పుట్టించడం. మడతపెట్టిన గదిలో మనుషులు ఎలా ఉంటారో చూడాలని, మొదటి గదిని ఒక ఇంట్లో పెట్టదలిచారు. ఎవరింట్లో అని అడిగితే, పెళ్ళి కుదిరి ఇల్లు దొరకని మురారి అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

ఆ పూట భోజనానికి అప్పడాలు వేయిస్తూ అతను చెప్పిందే ఆమెకి అర్థమైన శాస్త్రం. "చూడు, నూనెలో పడగానే అంచు మధ్యకంటే ఎక్కువ సాగుతోంది. ఆ సాగినదానికి చోటు చాలక అలలు తిరుగుతోంది. మన గది నేలా అంతే. మధ్యలోంచి దూరం వెళ్ళేకొద్దీ చుట్టూ ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు నేల ఉంటుంది."

"అంటే కుచ్చిళ్ళు," అంది హైమ. "నడుం దగ్గర గుప్పెడు. కిందికి వచ్చేసరికి పరుచుకుంటే చాపంత."

మురారి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఆరేళ్ళనించి ఈ మాట మాకెవ్వరికీ తట్టలేదు." ఈలోగా అప్పడం మాడింది. అప్పటినించి అది కుచ్చిళ్ళ గది అయింది.

సాయంత్రం ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలికి నడిచారు. పక్కపక్కనే, తిన్నగా, కబుర్లాడుకుంటూ. ఉన్నట్టుండి హైమ చెయ్యి లాగినట్టయింది. చూస్తే మురారి బారెడు దూరంలో ఉన్నాడు.

"నువ్వు పక్కకి తిరిగావు," అందామె.

"నేనేం తిరగలేదు. నువ్వూ తిరగలేదు. ఇక్కడ తిన్నగా నడిస్తే చాలు, దూరమైపోతాం. పక్కన ఉండాలంటే అడుగడుక్కీ కాస్త ఒకళ్ళవైపు ఒకళ్ళం వొరుగుతూ ఉండాలి."

ఈ సంగతి హైమకి ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా వంటింట్లోకి నడుస్తున్నా వొరుగుతూనే నడిచింది.

*

మురారి నాయనమ్మ నరసమ్మ విజయనగరం నించి మూడో వారంలో దిగింది. కొత్తకాపురం చూడాలని ముచ్చటపడి, ఊరగాయ జాడీతో సహా వచ్చింది. ఆవిడ ఎదుట హైమ మొగుణ్ణి 'మీరు' అనేది. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళగానే 'నువ్వు'లోకి దిగిపోయేది.

మామ్మకి తులసికోట కావాలి. బాల్కనీలో గోడకి ఆనించి పెడితే చుట్టూ తిరగడం కుదరదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే హైమకి ఉపాయం తోచింది. కుచ్చిళ్ళ గది నడుమ, తలుపుకి నాలుగడుగుల్లో, తులసి కుండీ పెట్టించి పైన మొక్కలకి వేసే ఊదారంగు దీపం కట్టించింది. సాయంత్రమయ్యేసరికి మామ్మ ఆ దీపం ఆర్పేసేది.

"తులసమ్మకి నిద్దరొద్దేటి? రాత్రంతా కళ్ళలో దీపమెట్టి కూకోబెడతారా?"

వృక్షశాస్త్రం కూడా ఆ మాటే అంటుంది కాబట్టి హైమ ఎదురు చెప్పలేదు. ఊదా దీపం ఆరాక ప్రమిదలో నూనె దీపం వెలిగేది. మామ్మ మూడు ప్రదక్షిణలు చేసేది. మురారి ఆవిడకి ఒక్కటే నియమం పెట్టాడు. "లోపల ఎక్కడున్నా దీపం కనబడుతూ ఉండాలి మామ్మా. దీపాన్ని వదిలి వెళ్ళకు." ఆవిడ సరేనంది. అన్నమాట తప్పే మనిషి కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం మామ్మ కునుకు తీస్తుంటే, హైమ ముగ్గుపిండి డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్ళింది. కుండీ దగ్గర మొదలుపెట్టి పెద్దపెద్ద గడులు గీసింది. మామూలు నేలమీద ఒక మూల దగ్గర నాలుగు గడులే కలుస్తాయి. ఇక్కడ అయిదు కలిశాయి, ఒక్కటీ వంకరపోకుండా. ఆమె మైమరిచిపోయింది. ఆ అయిదు గీతలనీ అయిదు తీగలు చేసి, ఆకులూ మొగ్గలూ తగిలిస్తూ, ఒక్కోదాన్నీ పాతిక అడుగుల దూరం లాక్కుపోయింది. ఒక తీగ అయ్యాక దానివెంటే కుండీ దగ్గరికి వచ్చి ఇంకో తీగ మొదలుపెట్టేది. ఒక కొసనించి ఇంకో కొసకి అడ్డంగా మాత్రం ఒక్కసారీ నడవలేదు. నడిచి ఉంటే ఆ దూరమెంతో తెలిసేది.

డబ్బా ఖాళీ చేసి, చేతులు దులుపుకుని, మురారితో బీచ్ రోడ్డుకి ముంత మసాలా తినడానికి వెళ్ళిపోయింది.

*

తిరిగి వచ్చేసరికి వీధిదీపాలు వెలిగాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"మామ్మా! నీకు మసాలా తెచ్చాం, ఉల్లిపాయ లేకుండా!" అని కేకేశాడు మురారి.

పలుకు లేదు. కుచ్చిళ్ళ గది తలుపు తీసి ఉంది. గడప ఇవతల మామ్మ చెప్పులున్నాయి. లోపల చీకటి. తులసికోట దగ్గర ప్రమిద కొండెక్కి ఉంది. వత్తి కొస ఇంకా సన్నగా పొగ వదులుతోంది.

"ఇప్పుడే ఆరింది," అంది హైమ. చటుక్కున తలుపు పక్కన, మడతని పట్టి ఉంచే యంత్రపు పెట్టె మీదికి చెయ్యి చాచింది. "మడత విప్పేద్దాం. గది మామూలుగా అయిపోతే మామ్మ ఎదురుగానే ఉంటుంది కదా!"

మురారి ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు. లాబ్‌లో ఖాళీ కుండలు పెట్టి విప్పి చూశాం. మధ్యలో ఉన్నది బాగానే ఉంది. దూరంగా ఉన్నది పిండైపోయింది."

ఊదా దీపం వేసి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని "మామ్మా!" అని అరిచాడు. ఆ అరుపు ముందుకి వెళ్ళినట్టే వెళ్ళి, అంత నేలమీదా పరుచుకుని పలచనైపోయింది. అతను మళ్ళీ అరిచాడు. మూడోసారి గొంతు పగిలింది.

"దీపం కనబడాలంటే ఆవిడ పాతిక అడుగుల దూరంలోనే ఉంటుంది హైమా. కానీ ఏ వైపు పాతిక అడుగులు? అంత దూరాన ఒక చుట్టు తిరగాలంటే కిలోమీటర్లు నడవాలి. అక్కణ్ణించి చూస్తే ఈ దీపం చుక్కంత. ఒక్క అడుగు అటూ ఇటూ అయిందంటే..." మాట పూర్తి చెయ్యకుండానే లోపలికి పరుగెత్తబోయాడు.

"ఆగు," అంది హైమ. ఆమె నేలకేసి చూస్తోంది.

మొదటి తీగ పొడుగునా పిండి చెదరకుండా ఉంది. మామ్మ ఎవరి ముగ్గూ తొక్కదు. సొంత ముగ్గయినా తొక్కదు. అంటే, తీగని దాటలేక దాని అంచునే కొస దాకా వెళ్ళి, కొస చుట్టి, తులసమ్మని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం మొదలుపెట్టి ఉంటుంది. దీపం కనబడుతూనే ఉంది కదా, మనవడు పెట్టిన నియమం తప్పలేదు. చుట్టు ఇంకా రావడం లేదేమిటా అనుకుంటూ, మధ్యలో ఆపకూడదని నడుస్తూనే ఉండి ఉంటుంది.

"నా ముగ్గు వల్లే," అంది హైమ మెల్లిగా. తర్వాత గట్టిగా, "నా ముగ్గుతోనే దొరుకుతుంది."

ఫోను వెలుగులో మొదటి తీగవెంట పరుగెత్తింది. కొస దగ్గర పిండి చీర అంచు తగిలి చెరిగి ఉంది, కుడివైపుకి. వెనక్కి వచ్చి రెండో తీగవెంట వెళ్ళింది. దాని కొసా చెరిగింది. మూడోదీ అంతే. నాలుగో తీగ కొస మాత్రం తను గీసినట్టే ఉంది, చివరి మొగ్గతో సహా.

"మూడోదానికీ నాలుగోదానికీ మధ్య!" రొప్పుతూ వచ్చి చెప్పింది. "దీపం ఆరగానే ఆగిపోయుంటుంది. కరెంటు పోయినప్పుడు ఏమంటుందో తెలుసుగా."

"'కదలకండి, ఉన్నకాడే కూకోండి' అంటుంది," అన్నాడు మురారి. మొదటిసారి అతని మొహంలోకి కాస్త రంగు వచ్చింది. "ఈ ఊదా వెలుగు చూసి వచ్చెయ్యదా?"

"మొక్క దీపమని ఆవిడ ఎప్పుడూ పట్టించుకోదు. ఆవిడకి తెలిసిన వెలుగు కావాలి. కుందులు తే. అన్నీ తే!"

అట్టపెట్టెలు మళ్ళీ ఊడాయి. నెమళ్ళు, ఏనుగులు, వెండిపూతలు అన్నీ తులసికోట చుట్టూ చేరాయి. మురారి నూనె పోస్తుంటే హైమ వత్తులు వేసింది. ఒక్కొక్కటే వెలిగేసరికి అంత చీకట్లోనూ అక్కడ చిన్న పెళ్ళిపందిరి లేచినట్టయింది.

"నువ్విక్కడ ఉండు. నేను నాలుగో తీగ కొసనించి ఎదురెళ్తాను," అంది హైమ.

"నేను వెళ్తాను. మా మామ్మ."

"నాకూ మామ్మే. ఎక్కడ పువ్వుందో ఎక్కడ ఆకుందో ఈ తీగలు నాకు తెలుసు. నువ్వు ఒక్క దీపం కూడా ఆరనివ్వకు. నేను తిరిగి రావడానికి గుర్తు నువ్వే."

అతను నూనె చేత్తోనే ఆమె చెంప ఒకసారి తాకాడు.

*

నాలుగో తీగ కొస దగ్గర నిలబడి హైమ వెనక్కి చూసింది. అన్ని దీపాలూ కలిసి చిన్న చుక్కల గుంపు అయిపోయాయి. అక్కడ, పాతిక అడుగుల దూరంలో, మురారి ఉన్నాడు. ఇంట్లోనే ఉన్నాడు. పిలిస్తే వినపడడు. ఇంత దగ్గరగా ఉండి ఇంత దూరంగా ఉండొచ్చని ఆమెకి అంతవరకూ తెలీదు.

దీపాలని ఎడమచేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెట్టింది. గాభరాలో కొన్ని అడుగులు తిన్నగా వేసేసింది. అంతే, చుక్కలు మసకబారాయి. వాటికేసి తిరిగింది. మళ్ళీ తేటపడ్డాయి. తిన్నగా నడిస్తే దూరమైపోతాం. వొరగాలి. అడుగడుక్కీ అతనివైపు కాస్త వొరగాలి. ఆటగా నేర్చుకున్న నడకని ఇప్పుడు పళ్ళు బిగించి నడిచింది.

ఎంతసేపు నడిచిందో. ఫోను వెలుగులో తెల్లచీర మెరిసింది. మామ్మ నేలమీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుని ఉంది.

"ఎవరే అది?"

"నేనే మామ్మా, హైమని!"

మామ్మ కళ్ళు చిట్లించి చూసింది. చూసి మండిపడింది. "ఎదురొస్తున్నావేటే పిల్లా! తులసమ్మని ఎడంచేతి పక్కన ఎట్టుకుని తిరుగుతారేటి ఎవరైనా? చదువుకున్నావుగానీ!"

హైమ నవ్వుతూ, ఏడుస్తూ ఆవిడ పక్కన కూలబడి, మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఉండవే, ఉక్కపోస్తోంది. దీపం కొండెక్కిపోతే కూకున్నాను. ఇప్పుడే మళ్ళీ వెలిగింది చూడు. పిల్లలకోడి చుక్కల్లాగ గుంపుగా. ఎవరెట్టారు?"

"మీ మనవడు. పెళ్ళి కుందులన్నీ తీసుకొచ్చి పెట్టారు."

"పోన్లే, వాటికో పని దొరికింది. ఇంక ఆ గడియారాలేటి చేస్తారో." మామ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి.

"నేరుగా దీపాల దగ్గరికి వెళ్ళిపోదాం మామ్మా. పాతిక అడుగులే. పట్టుకుంటాను, లెండి."

"నేరుగానా? ఒక్క చుట్టూ అవలేదు. మధ్యలో తెంపేస్తే అడిగినదేటవుతుంది?"

"ఏం అడిగారు?"

"మీ గురించేలే. ఈ ఇల్లు మరీ పెద్దదైపోయిందమ్మా. మొన్న నేను తలుపు దగ్గర నిలబడి పిలిస్తే నీకు లోపల వినపడలేదు. పిల్లలిద్దరూ ఒకళ్ళ కేక ఒకళ్ళకి వినపడేంత ఇంట్లో ఉండాలి తల్లీ అని అడిగాను. పెద్దదేం కాదు కోరిక."

హైమ ఆవిడ చెయ్యి తన భుజం మీదుగా వేసుకుని లేపింది.

"తెంపొద్దు మామ్మా. నడుస్తూనే ఉందాం. తులసమ్మ కుడివైపే. కాకపోతే, అడుగుకోసారి కాస్త ఆవిడవైపు వొరుగుదాం. చుట్టు దానంతటదే చిన్నదైపోతుంది. ప్రదక్షిణ ఆగదు."

మామ్మ దీపాలకేసి చూసింది, హైమకేసి చూసింది. "అది తప్పు కాదుగదా?"

"దగ్గరికి వెళ్ళడం తప్పెలా అవుతుంది?"

ఇద్దరూ వొరుగుతూ నడిచారు. ఒక్కో అడుగుకీ చుక్కలు ఉబ్బాయి. గుంపు విడివడి దీపాలయ్యాయి. దీపాల కింద నెమళ్ళు, ఏనుగులు కనబడ్డాయి. దారిలో నాలుగో తీగ అడ్డం వచ్చింది. మామ్మ ఆగిపోయింది. హైమ వంగి, కష్టపడి గీసిన పువ్వుని తన కొంగుతో తుడిచేసి దారి చేసింది. అయిదో తీగనీ అలాగే తుడిచింది. తుడవడంలో కూడా సంతోషం ఉంటుందని ఆమెకి కొత్తగా తెలిసింది.

మొదటి తీగ మొదలుకి చేరేసరికి చుట్టు పూర్తయింది. మామ్మ కుండీని తాకి కళ్ళకద్దుకుంది. అప్పుడుగానీ మురారిని దగ్గరికి రానివ్వలేదు. అతను నూనె చేతుల్తోనే ఇద్దర్నీ కలిపి వాటేసుకున్నాడు.

"ఎంత భయపడ్డానో తెలుసా? నువ్వు ఒక్క దీపమైనా ఆరనిచ్చావేమోనని!" అని అతని చొక్కాలో మొహం దాచుకుని అంది హైమ. వెంటనే నాలిక్కరుచుకుంది.

"నువ్వనే అనవే, పరవాలేదు," అంది మామ్మ, కుండీ అంచుమీద చెయ్యానించి. "వొచ్చిన కాణ్ణించీ వింటన్నాను. నాకు చెవుడనుకున్నారేటి ఇద్దరూను?"

*

సోమవారం మురారి లాబ్ పైఅధికారులతో మాట్లాడుతుంటే హైమ పక్కనే ఉంది. ఫోనులో ఎవరో, ఒక ముసలావిడ పొరపాటుకి ఇంత పనీ ఆపుకుంటామా అంటున్నారు.

"పొరపాటు ఆవిడది కాదు సార్. మాట ఇచ్చినట్టే దీపాన్ని వదల్లేదు. మా ఇంట్లో మా మామ్మ పాతిక అడుగుల దూరంలో కూర్చుంటే నా కేక వినపడలేదు. పంటలు వేసుకోండి, ధాన్యం దాచుకోండి. మనుషులుండడానికి మాత్రం ఇది ఇల్లు కాదు." ఫోను పెట్టేసి చాలాసేపు ఆ చిన్న తలుపుని అరచేత్తో నిమురుతూ నిలబడ్డాడు. ఆరేళ్ళ పని. హైమ అతని వీపుకి తల ఆనించింది.

మడత విప్పినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు, పొయ్యి మీంచి పాలగిన్నె దించినంత. తలుపు తీస్తే ఓ మంచం పట్టే గది. నడుమ తులసికోట క్షేమంగా ఉంది. అంత దూరం పాకిన తీగలన్నీ నాలుగు గోడల మొదట్లో సన్నటి తెల్లటి అంచుగా ఒదిగిపోయాయి, చీరకి జరీ అంచులాగా. హైమ దాన్ని ఊడ్చలేదు.

మామ్మ మిగిలిన రెండు ప్రదక్షిణలూ తిరిగింది. నిమిషం పట్టలేదు. "ఇంత బేగి అయిపోయిందేటి?" అని అనుమానంగా చూసి, తృప్తి లేక ఇంకోటి తిరిగింది. వంటింట్లోంచి హైమ "మామ్మా, కాఫీ!" అని మామూలు గొంతుతో అంటే, "వొస్తన్నా!" అని వెంటనే పలికింది.

సాయంత్రం హైమ, మురారి బీచ్ రోడ్డుమీద నడుస్తున్నారు. గాలికి ముంత మసాలా పొట్లం రెపరెపలాడుతోంది. నాలుగడుగులు వేశారో లేదో ఒకరి భుజం ఒకరికి కొట్టుకుంది. సర్దుకుని మళ్ళీ నడిచారు. మళ్ళీ కొట్టుకుంది. ఎదురొస్తున్న ఒకాయన వీళ్ళు తాగి ఉన్నారా అన్నట్టు చూశాడు.

"ఇక్కడ నేల మామూలుదే కదా. తిన్నగా నడిస్తే పక్కనే ఉంటాం. వొరగక్కర్లేదు," అన్నాడు మురారి.

"తెలుసు," అంది హైమ, వొరుగుతూ.